చేతికి అంటని తిండి

మా ఆయన చొక్కా జేబులో పట్టాలి. చేతికి అంటకూడదు. పొడి రాలకూడదు. తీపి తక్కువుండాలి, ఒంటికి బలమివ్వాలి, అన్నిటికీ మించి ఆయనకు తినబుద్ధి కావాలి. ఇన్ని షరతులున్న తిండి కోసం నేనొక వానాకాలమంతా, చలికాలం సగం దాకా వెతికాను. మా అమ్మాయికి సంబంధం వెతకాల్సి వచ్చినా ఇంత తిరగనేమో.

అప్పుడు మేం సూరత్‌లో, ఉధ్నా అనే పేటలో ఉండేవాళ్ళం. మూడో అంతస్తులో ఒక గది, దాని వెనక మనిషి వెనక్కి తిరగడానికి చాలని వంటిల్లు. చుట్టూ మరమగ్గాలే. మరమగ్గాన్ని మా వైపు సాంచా అంటారు. సాంచాలు నడిచే షెడ్డును సూరత్‌లో ఖాతా అంటారు. మా ఆయన కరీంనగర్ పల్లె నుంచి వచ్చి పదహారేళ్ళుగా ఒకే ఖాతాలో పని చేస్తున్నాడు. నేను ఇంట్లో కూర్చుని, సలాబత్‌పురా బజారు వ్యాపారి పంపే చీరలకు అంచు లేసు కుట్టేదాన్ని. అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇంట్లో తెలుగు, మెట్ల మీద హిందీ, స్నేహితురాళ్ళతో గుజరాతీ. కోపమొస్తే మూడూ కలిపి మాట్లాడేది.

మొదటి లాక్‌డౌన్‌లో సాంచాలన్నీ ఒకేసారి ఆగిపోయాయి. గోడల్లోంచి, నేలలోంచి, మంచం కోళ్ళలోంచి పగలూ రాత్రీ వచ్చే ఆ టకటక మాకు ఏనాడో వినిపించడం మానేసింది. ఆగిన రోజు వినిపించింది. అమ్మాయి చెవుల్లో వేళ్ళు పెట్టి తిప్పుకుని, "అమ్మా, నా చెవులు బందయినయా?" అని అడిగింది. ఆ నిశ్శబ్దంలో మాకు నిద్ర పట్టేది కాదు. పట్టినా అదొక రకం నిద్ర, లేచాక పొద్దున్నో సాయంత్రమో తెలిసేది కాదు. తర్వాత సాంచాలు మళ్ళీ నడిచాయి, ఊళ్ళకు పోయినవాళ్ళు తిరిగొచ్చారు, నాకు మాత్రం ఆ మత్తు పూర్తిగా వదల్లేదు. ఆ రెండేళ్ళలో ఏది ముందు, ఏది వెనక అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ తడబడతాను. అంతా ఒకే పొడుగాటి మధ్యాహ్నంలా ఉంటుంది.

ఆ మధ్యాహ్నంలో ఎక్కడో మా ఆయనకు జబ్బు చేసింది. రోగం రెండోసారి ఊరంతా కమ్మినప్పుడు. తొమ్మిది రోజులు దవాఖానాలో ఉన్నాడు, మమ్మల్ని గేటు దాటనివ్వలేదు. పదో రోజు ఆటోలోంచి దిగిన మనిషిని చూసి అమ్మాయి నా కొంగు పట్టుకుంది. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి, చొక్కా చిలక్కొయ్యకు తగిలించినట్టు భుజాల మీద వేలాడుతోంది. మందుల వల్ల చక్కెర కూడా పెరిగిందన్నారు. మా వీధి డాక్టరు దూరంగా కుర్చీ వేసుకుని హిందీలో చెప్పాడు. తీపి తగ్గించాలి. ఒకేసారి పెట్టెయ్యకుండా రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తినిపించాలి. పప్పులూ గింజలూ ఎక్కువుండాలి. బరువు ఇంకా తగ్గితే మాత్రం పనికి పంపొద్దు, ఊపిరితిత్తులు తట్టుకోవు.

తలూపి ఇంటికొచ్చాను. నా భయం దాచుకోవడం దేనికి, చెప్పేస్తాను. ఈ మనిషి నా కళ్ళ ముందే రోజుకింత తరిగిపోయి, ఒకనాటికి లేకుండా పోతాడేమోనని భయం. దానికి నా దగ్గరున్న మందు తిండి ఒక్కటే.

నెల తిరక్కుండానే ఆయన పనిలోకి పోయాడు. ఆగమంటే ఆగలేదు. పొద్దున ఎనిమిదింటి నుంచి పన్నెండు గంటల పని, పన్నెండు సాంచాలు ఒక్కడే చూసుకోవాలి. పోగు తెగితే సాంచా ఆగిపోతుంది. పరుగెత్తి ముడి వేసి మళ్ళీ నడిపించాలి. మధ్యాహ్నం అరగంట తప్ప కూర్చునేది లేదు. రెండు గంటలకోసారి డబ్బా విప్పి చెంచాతో తినడానికి అదేమన్నా బ్యాంకా? అందుకే జేబు తిండి. నడుస్తూ నడుస్తూ ఒక చేత్తో తీసి నోట్లో వేసుకునేది.

మొదట నాకు తెలిసిందే చేశాను. మా వైపు సద్దుల బతుకమ్మకు చేసే సత్తుపిండి, నువ్వులూ పల్లీలూ పెసర్లూ వేయించి దంచి, బెల్లం సగానికి తగ్గించి, నెయ్యితో ఉండలు కట్టాను. రెండు ఉండలు కాగితంలో చుట్టి జేబులో పెట్టాను. సాయంత్రం ఆయన ముఖం మాడ్చుకుని వచ్చాడు.

"గియ్యి వద్దే. వేళ్ళకు నెయ్యంటింది. అదే చేతితోని పోగు ముడేసిన. ఇగ గుడ్డంత మరక. రంగుల ఏస్తె ఆడ రంగు పట్టది. శేఠ్ లొల్లి లొల్లి చేసిండు."

అప్పుడర్థమైంది నాకు, ఆ ఇంట్లో పదహారేళ్ళు కాపురం చేసీ మా ఆయన చేతులు ఎప్పుడూ ఎందుకంత పొడిగా ఉంటాయో. నూనె రాసుకోడు, పూరీ తింటే మూడుసార్లు సబ్బుతో కడుక్కుంటాడు. అది చాదస్తమనుకుని ఎన్నిసార్లు వెక్కిరించానో!

ఇక కొన్నవే మేలనుకున్నాం. ఆల్థాన్‌లో పెద్ద దుకాణముందని, అక్కడ గింజలతో చేసిన, కాగితం విప్పి కొరుక్కుతినే బార్లు అన్ని రకాలూ దొరుకుతాయని అమ్మాయి ఫోన్‌లో చూసి చెప్పింది. ఒక మధ్యాహ్నం ఇద్దరం మాస్కులు కట్టుకుని ఆటో ఎక్కాం. దుకాణం గుమ్మంలో నుదుటికి తుపాకీ లాంటిది గురిపెట్టి జ్వరం చూశారు, చేతుల్లో మందు పోశారు. లోపల చల్లగా, తెల్లగా, ఎవరూ లేరు. అరల నిండా డబ్బాలు. ప్రతి డబ్బా మీదా పాలు ఎగిరి పడుతున్నాయి, పళ్ళు గాల్లో తేలుతున్నాయి, గోధుమ కంకులు బంగారు రంగులో ఊగుతున్నాయి. బయట అంబులెన్సు కూత వినీ వినీ ఉన్న ప్రాణానికి అక్కడ కాళ్ళు కదల్లేదు. ఒక డబ్బా మీద నవ్వుతున్న కుటుంబాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. వాళ్ళలో ఎవరికీ మాస్కు లేదు.

"అమ్మా, బొమ్మ గాదు, వెనక చూడు" అని అమ్మాయి నా చేతిలోంచి డబ్బా లాక్కుంది. వాళ్ళ సైన్సు టీచరు ఆన్‌లైన్ క్లాసులో చెప్పారట, వెనక ఏది ముందు రాస్తే అది అందులో ఎక్కువున్నట్టు. అది చదవడం మొదలుపెట్టింది. "ఇందుల మొదలు చక్కెర. ఇందుల రెండోది గ్లూకోజ్ సిరప్, అంటె గది గూడ చక్కెరనే, వేషం మార్చుకుంది. ఇగో, దీని మీద 'తేనెతో' అని ఇంత పెద్దగ రాసిన్రు, వెనక తేనె అన్నిట్ల ఆఖర్న ఉన్నది. చోర్ లోగ్!"

"జర మెల్లగ చదువు, ఎల్లగొడ్తరు" అన్నాను కానీ నాకూ ఒళ్ళు మండింది. చిన్నపిల్లల బొమ్మ వేసిన డబ్బాలోనే అన్నిటికంటే ఎక్కువ చక్కెర. ఎవరి పిల్లలనుకుని తయారు చేస్తారో!

చివరికి మూడు రకాల బార్లు, ఒక డబ్బా అటుకుల్లాంటి మొక్కజొన్న రేకులు కొన్నాం. చాక్లెట్ పూసిన బారు మధ్యాహ్నానికి ఖాతా వేడికి జేబులోనే కరిగింది. రెండోది పాకంతో అంటించింది. వేళ్ళకు జిగురు పట్టి, గాల్లో ఎగిరే నూలు దుమ్మంతా ఆ జిగురుకు అతుక్కుందట. మూడోది మాత్రం కరగలేదు, అంటలేదు. వెనక రాసినవి చదివితే దానంత మంచిది లోకంలో లేదు, మొదటి పేరు ఓట్స్, రెండో పేరు పప్పులు.

"ఎట్లున్నది?" అని అడిగాను.

"మంచిగున్నది" అన్నాడు.

నేనొక ముక్క కొరికాను. తడిసిన అట్టముక్క నమిలినట్టుంది. అనుమానం అప్పుడే రావాల్సింది. రాలేదు. జబ్బుతో మనిషి మెత్తబడ్డాడు, పాపం దేనికీ పేరు పెట్టడం లేదనుకున్నాను. మొక్కజొన్న రేకులు పాలల్లో వేసిస్తే మందు తాగినట్టు గటగటా మింగేశాడు. మిగిలిన డబ్బా అమ్మాయి క్లాసు వింటూ వట్టివే నమిలి అవగొట్టింది.

ఆ మూడో రకం బారు రోజుకు ఆరు కొనే తాహతు మాకు లేదు. నేనే చేస్తానన్నాను. అప్పటి నుంచి మా వంటిల్లు ప్రయోగశాలైంది. పొద్దున్నే లేచి ఓట్స్ వేయించడం, పల్లీల పొట్టు ఊదడం, చక్కెర పెరగకుండా ఖర్జూరాలు లెక్కపెట్టి వేసి కలిపి పళ్ళెంలో అదిమి ముక్కలు కోయడం. నెయ్యి లేదు, నూనె లేదు. సాయంత్రం ఆయన జేబులోని చిన్న డబ్బా తీసి చూస్తే ఖాళీ. నా సంతోషం ఏం చెప్పను! కాళ్ళు కడుక్కోకముందే అడిగేదాన్ని, ఎట్లున్నయ్, ఉప్పు చాలిందా, గట్టిగున్నయా అని. ఆయన ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పేవాడు. "ఇయ్యాల జర ఉప్పు తక్కువైంది" అనేవాడు. మర్నాడు చిటికెడు ఎక్కువ వేసేదాన్ని. "ఇగ సరిపోయింది" అనేవాడు. నా చేతి మహిమే అనుకుని పొంగిపోయేదాన్ని. కింది అంతస్తు గుజరాతీ ఆమెకు ఎలా చేయాలో నేర్పించాను కూడా.

ఇంతలో ఒక రోజు ఆయన మేకూ సుత్తీ పట్టుకుని గుమ్మంలో కూర్చుని బెల్టుకు కొత్త బొక్క కొడుతున్నాడు. అది మూడోది. ఇంత తింటున్న మనిషి ఎందుకు తగ్గుతున్నాడు? డాక్టరును అడిగితే పరీక్షలు రాశాడు, అన్నీ బాగానే ఉన్నాయి. నేను పల్లీలు పెంచాను, పెసలు పెంచాను. డబ్బాలు ఖాళీగా వస్తూనే ఉన్నాయి. మనిషి మాత్రం తరిగిపోతూనే ఉన్నాడు.

తర్వాత జరిగింది నా నోటి దురుసు వల్లే. వ్యాపారి మనిషి పొద్దున్నే ఫోన్ చేసి, పంపిన చీరల్లో లేసు వంకరగా ఉందన్నాడు. నా కుట్టు వంకరా? వాడికి తెలిసిన హిందీ అంతా, నాకు తెలిసిన హిందీ అంతా అయిపోయేదాకా పోట్లాడాను. ఈలోగా పెనంలో నువ్వులు నల్లగా మాడిపోయాయి. పారెయ్యడానికి మనసొప్పలేదు. చక్కెరకు మంచిదని మెంతిపొడి కూడా వేశాను కదా, కాస్త చేదు ఎలాగూ ఉంటుంది, పోనీలే అనుకుని కలిపేశాను. పంపించాక పళ్ళెంలో అంటుకున్నది గీకి నోట్లో వేసుకుంటే, ఓ యమ్మా, వేపాకు నయం. రోజంతా నాకు సిగ్గుగానే ఉంది. సాయంత్రం డబ్బా ఖాళీ.

"ఎట్లున్నయ్?" అన్నాను భయపడుతూ.

"మస్తున్నయ్. నిన్నటియాటికంటె మంచిగున్నయ్" అన్నాడు ఆయన, చెప్పులు విప్పుతూ.

నా మనసు నొప్పించడం ఇష్టంలేక అన్నాడనుకున్నాను. మర్నాడు పొద్దున నల్లా దగ్గర ఎదురుగదిలో ఉండే ఒడియా అతను కలిశాడు. మా ఆయన పక్క వరసలోనే పని, పెళ్ళాం పిల్లలు ఊళ్ళో ఉన్నారు. మంచి మనిషి, మొహమాటం ఎక్కువ. బిందె పక్కన పెట్టి, తల గోక్కుంటూ, "భాభీ, బురా మత్ మాన్‌నా, కల్ వాలా థోడా కడ్వా థా" అన్నాడు. ఏమీ అనుకోకు వదినా, నిన్నటివి కొంచెం చేదుగా ఉన్నాయని.

నాకు ముందు అతని మాట అర్థం కాలేదు. తర్వాత అతని ముఖం చూశాను. నున్నగా, బుగ్గలు నిండుగా. నెలరోజుల్లో మా మెట్ల మీద ఒళ్ళు చేసిన మనిషి అతనొక్కడే. నా పల్లీలు, నా పెసలు, నా పొద్దుటి నిద్ర అన్నీ ఆ బుగ్గల్లో కనిపించాయి. బిందె అక్కడే వదిలేసి మెట్లెక్కాను.

మా ఆయన చొక్కా తొడుక్కుంటున్నాడు.

"ఏందయ్యా, నిన్నటియి ఎట్లున్నయంటివి?"

"చెప్పిన గదనే, మస్తున్నయ్."

"చేదున్నయ్! విషమున్నట్టున్నయ్! నేను తిన్న, ఆ ఒడియా ఆయన తిన్నడు. నువ్వొక్కనివే తినలే!"

ఆయన గుండీలు పెట్టుకోవడం ఆపాడు. అమ్మాయి ఫోన్‌లో టీచరు గొంతు నొక్కేసింది.

"రెండు బుక్కలు తిన్ననే" అన్నాడు. "చేదున్నదని నాకు తెల్వలే. నాకేం తెలుస్తలేదు."

"ఎప్పటిసంది?"

"దవాఖాన్ల పడ్డప్పటిసంది."

ఇక నా నోరు ఆగలేదు. "మరి ఉప్పు తక్కువైందంటివి, సరిపోయిందంటివి, రోజుకో తీరు చెప్తివి! నేనేమన్న పిచ్చిదాన్నా? నీ నాలికె నమ్ముకొని రోజూ చిటికెలు లెక్కపెట్టుకుంట కూసున్న!"

"నువ్వడుగుతుంటివి. ఏదో ఒకటి చెప్పాలె గద."

"చెప్పాలె! రుచి పోయిందని చెప్పాలె!"

"చెప్తె ఏమైతది? ఇంక రోగం పోలేదనుకుంటరు. ఆ ముచ్చట ఖాతల పడ్డదంటె శేఠ్ అడుగు పెట్టనియ్యడు." గొంతు తగ్గించాడు. "దూది నమిలినట్టున్నదే. ఆకలి గూడ అయితలేదు. నువ్వు గంత పొద్దుగాల లేసి చేసుడు చూస్తె వద్దనబుద్ధి గాలే. పారేస్తె పాపమని ఆయనకిచ్చిన."

పనికి వెళ్ళిపోయాడు. నేను గోడకు కూలబడి ఏడ్చాను. కోపమూ జాలీ ఏది ఎక్కువో తెలియని ఏడుపు. అమ్మాయి నా పక్కన కూర్చుని, "అమ్మా, బాపు మనకు అబద్ధం చెప్పిండు, గని మంచి మార్కులేసిండు గద" అంది. నవ్వొచ్చి, ఆ నవ్వులోనే మళ్ళీ ఏడుపొచ్చింది.

వారం రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు. డబ్బాలో ఏదో ఒకటి పెట్టి చేతికిచ్చేదాన్ని. ఎలా ఉందని అడిగేదాన్ని కాదు. ఏమని అడగను? రుచిగా చేద్దామంటే నాలుక లేదు. ఆకలి మీద తింటాడనుకుంటే ఆకలి లేదు. ఉన్నదల్లా మూడు బొక్కల బెల్టు. లేసు కుడుతూ కుడుతూ సూది ఆపి అలా చూస్తూ ఉండిపోయేదాన్ని. కిటికీ తెరలోంచి పడే వెలుగు నేల మీద జరుగుతుంటే, ఒక్కోసారి ఆల్థాన్ దుకాణంలోనే ఇంకా నిలబడి ఉన్నట్టుండేది.

ఒక రోజు ఆయన డబ్బా మరిచిపోయాడు. మరిచాడో, కావాలని వదిలాడో. పదకొండింటికి నేనే తీసుకుని ఖాతాకు వెళ్ళాను. పదహారేళ్ళలో లోపలికి పోవడం అదే మొదలు. ఆడవాళ్ళెవరూ అటు రారు. తలుపు తీయగానే చప్పుడు ఒక గోడలా వచ్చి ఒంటికి తగిలింది. పైనున్న అద్దాల రేకుల్లోంచి ఎండ వాలుగా పడుతోంది, ఆ ఎండలో నూలు దుమ్ము మెల్లగా, ఎక్కడికీ తొందర లేనట్టు తేలుతోంది. కారీగర్ల, అంటే పనివాళ్ళ, జుట్టు మీద, కనుబొమల మీద అదే. అందరూ ఒక్కసారిగా ముసలివాళ్ళైనట్టున్నారు. పెదాలు కదులుతున్నాయి, మాట వినపడదు. ఇది నిజంగా చూస్తున్నానా అనిపించింది.

మా ఆయన నాలుగో వరస చివర ఉన్నాడు. "ఏమయ్యా!" అని పిలిచాను. నా పిలుపు నాకే వినపడలేదు. దారిలో, గింజలు వేయించి అమ్మే బట్టీ కొట్టులో కొన్న పుట్నాలు గుప్పెట్లో ఉన్నాయి. ఏం చెయ్యాలో తోచక రెండు నోట్లో వేసుకుని కొరికాను.

కరకర. తల నిండా అదే చప్పుడు. అంత హోరులో, నా పిలుపే వినపడని చోట, నా పళ్ళ కింద పప్పు పగలడం ఇంత స్పష్టంగా వినిపించింది. మళ్ళీ కొరికాను. మళ్ళీ వినిపించింది. పన్నెండు గంటలూ ఆ చప్పుడులో నిలబడే మనిషికి సొంత చప్పుడంటూ ఉంటే అది నోట్లోనే ఉంటుంది కదా! నాలుక పోతే పోయింది. పళ్ళున్నాయి.

డబ్బా ఆయన చేతిలో పెట్టి, మాట్లాడకుండా బట్టీ కొట్టుకు పరుగెత్తాను. అక్కడ బస్తాల్లో జొన్న పేలాలున్నాయి. సూరత్ వాళ్ళు వాటిని ధాణీ అంటారు, హోళీకి ఖర్జూరాలతో కలిపి పంచుకుంటారు. ఎప్పుడూ వాటిని పట్టించుకోలేదు, మా ఊళ్ళో జొన్న రొట్టెలు తిని తిని వచ్చినదాన్ని, సూరత్‌లో జొన్నలేమిటని. ఆ రోజు సంచీ నిండా కొన్నాను.

మొదటిసారి రాగిపిండి గట్టిగా కాచి, అందులో పేలాలూ పల్లీలూ పుట్నాలూ వేసి కలిపితే పేలాలు నాని ముద్దైపోయాయి. రెండోసారి రాగి ముద్ద చల్లారాక, ఆఖర్న పేలాలు వేసి, చెయ్యి తగిలీ తగలనట్టు కలిపాను. నువ్వులు, జీలకర్ర, ఉప్పు. తడి గుడ్డ మీద పలచగా పరిచి, చాకుతో వేలెడంత గీతలు పెట్టి, మిద్దె మీద రెండెండలు చూపించి, పెనం మీద సన్నటి సెగన కాల్చాను. పొడి రాలలేదు. వేలికి అంటలేదు. తెల్ల చీర ముక్క మీద రుద్ది చూశాను, మరక లేదు.

అమ్మాయి పరీక్ష పెట్టింది. ఇద్దరం చెవుల్లో దూది పెట్టుకుని కొరకాలి, ఏది ఎక్కువ చప్పుడు చేస్తే దానికి ఎక్కువ మార్కులు. పుట్నాలు ఎక్కువైన బిళ్ళకు తొంభై వేసింది, ఓట్స్‌వి ఫెయిల్ చేసింది. తర్వాత నోటుపుస్తకంలోంచి కాగితం చింపి డబ్బాకు చీటీ అతికించింది. జొన్న పేలాలు, పల్లీలు, పుట్నాలు, రాగి, నువ్వులు, ఉప్పు. "ఏది ఎక్కువుంటే గదే ముందు రాసిన. మనం చోర్లం గాదు" అంది.

ఆ సాయంత్రం ఆయన వచ్చి మంచం మీద కూర్చున్నాడు. నేనడగలేదు. ఆయనే అన్నాడు.

"చప్పుడైతున్నదే."

"ఏం చప్పుడు?"

"నోట్లె. సాంచాల నడుమ నా నోరు నాకినవడ్డది." దవడ తడుముకుంటూ చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్ని నెలలైందో. నేను ముఖం తిప్పుకుని చీర మడత పెట్టాను.

అవి తిన్నాడు. ఒడియా అతన్ని నల్లా దగ్గర నిలదీసి మరీ రూఢి చేసుకున్నాను. పాపం అతను, మా ఆయన తనకిప్పుడు ఒక్కటే ఇస్తున్నాడని చెప్పాడు. నెల తర్వాత డాక్టరు త్రాసు ముల్లు కిందికి పోవడం ఆగింది. ఆగింది కానీ పైకి కదల్లేదు. ఎందుకంటే ఆయన తినడం డ్యూటీ. గడియారం చూసి నమిలేవాడు, పెట్టింది తినేవాడు, పెట్టకపోతే ఊరుకునేవాడు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఖాతా నుంచి వస్తూ కింది మెట్టు మీదనుంచే "ఏమొండినవే?" అని వీధంతా వినపడేలా అరిచే మనిషి. పొయ్యి మీది కూర గిన్నె మూత తీసి నాచేత తిట్లు తినని రోజు లేని మనిషి. ఆయన బతికున్నాడు, పక్కనే ఉన్నాడు, కానీ ఆ మనిషి ఇంకా దవాఖానా నుంచి రాలేదు. ఎవరితో చెప్పుకోను ఈ మాట? చెబితే, మనిషి దక్కాడు చాలదా అంటారు.

చలికాలం వచ్చింది. ఖాతాకు సెలవు రోజు. మిద్దె మీద బిళ్ళలు ఆరేసి వచ్చి, ఎండపొడలో చాప మీద ఒరిగాను. చేతిలో సగం కుట్టిన చీర ఉంది. అమ్మాయి స్నేహితురాలింటికి పోయింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. దూరంగా వేరే ఖాతా ఏదో నడుస్తోంది, ఆ టకటక నేలలోంచి మెల్లగా వస్తోంది. నేను నిద్రలోకి జారీ జారనట్టుండగా వంటింట్లో ఏదో కదిలింది. డబ్బా మూత తీసిన చప్పుడు. మూత పెట్టిన చప్పుడు. ఇంకో డబ్బా. పిల్లి దూరిందనుకుని "ఛీ, పో!" అన్నాను కళ్ళు తెరవకుండానే.

"నేనే" అన్నాడు ఆయన.

లేచి కూర్చున్నాను. వంటింటి గుమ్మంలోకి వెళ్ళి చూస్తే, అరలోని డబ్బాలన్నీ కిందకు దించి, వాటి మధ్య నిలబడి ఉన్నాడు.

"ఏం దేవులాడుతున్నవ్?"

"ఏమో. ఏమన్నున్నదా అని."

"ఎందుకు?"

ఆయన ఆ ప్రశ్నకు తెల్లబోయి, అదేదో తప్పైనట్టు మెల్లగా అన్నాడు. "ఆకలైతున్నది."

అంతకాలం ఆ మాట కోసం నేను చేయని తిండి లేదు. ఆ మాట వచ్చిన రోజు ఇంట్లో ఏమీ లేదు. బిళ్ళలు మిద్దె మీద ఇంకా పచ్చిగా ఉన్నాయి, అన్నం మధ్యాహ్నమే అయిపోయింది. కళ్ళనిండా నీళ్ళు, ముందేమీ కనిపించదు. ముక్కు ఎగబీలుస్తూ పొయ్యి వెలిగించి, పెనం పెట్టి, దోసెడు పల్లీలు పోశాను.

"ఏడుస్తున్నవా?"

"లే. నువ్వు జర ఆవలికి జరుగు."

జరగలేదు. నా భుజం మీదనుంచి పెనంలోకే చూస్తూ నిలబడ్డాడు. పల్లీలు ఇంకా చిటపటలాడనేలేదు, చెయ్యి పెట్టి నాలుగు తీశాడు.

"అరె ఆగు, కాలుతయ్! పచ్చిగున్నయ్!"

ఒక అరచేతిలోంచి ఇంకో అరచేతిలోకి మార్చుకుంటూ, ఊదుకుంటూ నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. నేను గరిటె పట్టుకుని ఆయన నోటివైపే చూస్తున్నాను.

"రుచి తెలుస్తున్నదా?" అని అడిగాను.

"లే" అంటూనే ఇంకో గుప్పెడు తీసుకున్నాడు.